గురువారం లోపు పోవాల్సిన భయం

హిప్నోథెరపిస్టు గది, సాయంత్రం. వెనక్కి వాలే కుర్చీలో లిఫ్టు మెకానిక్కు. పక్కన స్టూలు మీద అతని బావ. ఎదురుగా ఆమె.

"అదేంటి మేడమ్, నిద్రపుచ్చరా? నిద్రపుచ్చకుండా వీడి భయం ఎలా తీస్తారు?"

"నిద్ర కాదండీ. మీ బామ్మర్దిగారు మెలకువగానే ఉంటారు. నా మాట వినపడుతుంది, కింద రోడ్డు మీద హారన్లూ వినపడతాయి. ఒళ్ళు వదులవుతుంది, మనసు ఒక్కచోట నిలుస్తుంది. మంచి పుస్తకంలో మునిగిపోతే పక్కనుంచి ఎవరు పిలిచినా పలకం చూడండి, అలాంటిది."

"వీడు పుస్తకం పట్టుకుని పదిహేనేళ్ళయింది మేడమ్."

"బావా, నన్ను మాట్లాడనివ్వు."

"మాట్లాడు. మాట్లాడరా. రెండుసార్లు ఆపరేషన్ గది తలుపు దాకా వెళ్ళి, హాస్పిటల్ గౌనుతో నడిరోడ్డు మీద పరిగెత్తినవాడివి, నువ్వే మాట్లాడు."

"గౌనుతో ఒక్కసారే. రెండోసారి ప్యాంటు వేసుకునే వెళ్ళాను."

"చూశారా మేడమ్? ఇదీ వరస."

"సార్, ఒక్క నిమిషం. హాస్పిటల్ వాళ్ళు నాకు పంపిన కాగితంలో ఉన్నది చెబుతాను, తప్పుంటే దిద్దండి. మీ భార్యకి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు—"

"పద్నాలుగు నెలలు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను మీద పడుకోబెడతారు. రక్తం మిషనులోకి పోడానికి చేతిలో చేసిన దారి మూసుకుపోయింది, ఇప్పుడు మెడ దగ్గర గొట్టం పెట్టారు. ఆ గొట్టం వల్ల రెండుసార్లు జ్వరం. ఇంకో నెల ఆగితే గుండె తట్టుకోదన్నారు. గురువారం మేడమ్, పొద్దున్న ఏడింటికి. ఇవాళ సోమవారం. ఈసారి కూడా వీడు పారిపోతే ఇంక తారీఖు ఇవ్వరట."

"కిడ్నీ ఇచ్చేది ఈయన."

"తోడబుట్టినవాడు కదా, అన్నీ అచ్చంగా కలిశాయి. నావి తీసుకుంటే రెండూ ఇచ్చేవాణ్ణి. షుగరు ఉన్నవాళ్ళవి తీసుకోరట. మేడమ్, మీరు చిటికె వెయ్యండి. వేసి, 'గురువారం నీకు భయం ఉండదు, లోపలికి నడు' అని ఒక్క ఆజ్ఞ వెయ్యండి. మా ఆఫీసు ఫంక్షన్లో ఒకాయన అలాగే చేశాడు. ఓ లావుపాటి గుమాస్తా చేత స్టేజి మీద కోడిలా కూయించాడు."

"ఆ గుమాస్తాకి కూయాలని ఉంది కాబట్టి కూశాడు. సరదాకి ఒప్పుకుని స్టేజి ఎక్కినవాళ్ళే అవన్నీ చేస్తారు. ఇష్టం లేని పని నేను ఎవరి చేతా చేయించలేను."

"అయితే ఇక్కడికి ఎందుకొచ్చినట్టు?"

"చెబుతాను. భయం ముంచుకొచ్చినప్పుడు ఒంటిని ఎలా వదులు చేసుకోవాలో నేర్పిస్తాను. ఆ ఆపరేషన్ గది తలుపుని ఈ కుర్చీలోనే, మనసులో పదిసార్లు దాటిస్తాను. అసలు రోజు వచ్చేసరికి ఎప్పుడో నడిచిన దారిలా ఉంటుంది. మామూలుగా నాలుగైదుసార్లు రావాలి. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి కాస్త. కొందరికి అసలు పట్టదు. మూడు రోజుల్లో ఖాయంగా పోతుందని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే."

"మేడమ్, మోసమైనా చెయ్యండి. వాణ్ణి మోసం చేసి లోపలికి పంపండి. నేను మీ కాళ్ళు పట్టుకుంటాను."

"బావా, లే. బావా! ఏంటిది? లేచి కూర్చో."

"నువ్వు నోరుముయ్. మా అమ్మాయికి పదమూడేళ్ళు మేడమ్. రెండు నెలల్నించి మామయ్య అన్న మాటే ఎత్తదు. వీడు గుమ్మంలోకొస్తే అది లోపలి గదిలోకి పోతుంది. మా ఆవిడేమో ఒక్క మాట అనదు వీణ్ణి. 'పోనీలెండి, చిన్నపిల్లాడు, భయపడ్డాడు' అంటుంది. ముప్ఫై నాలుగేళ్ళు! పదహారు అంతస్తుల లిఫ్టు తాళ్ళకి వేలాడతాడు, వీడు చిన్నపిల్లాడు!"

"మేడమ్, ఒకటడగనా?"

"అడగండి."

"ఆ... ఆ స్థితిలో ఉన్నప్పుడు, మనిషి నోరు జారతాడా?"

"అంటే?"

"అంటే, లోపల దాచుకున్నవి. ఊరికే అడుగుతున్నాను."

"జారరు. అది నిజం కక్కించే మందు కాదండీ. చెప్పకూడదు అనుకున్నది చెప్పరు. కావాలంటే అబద్ధం కూడా ఆడగలరు. ఆపేయాలనిపిస్తే కళ్ళు తెరిచి లేచిపోవచ్చు."

"మావాళ్ళెవరూ అలా అనుకోరు."

"చాలామంది అనుకోరు. సార్, ఇంక మీరు కాసేపు బయట కూర్చోవాలి."

"నేను లేకపోతే కిటికీలోంచి దూకేస్తాడు మేడమ్."

"ఇది నాలుగో అంతస్తు."

"లిఫ్టు మెకానిక్కు మేడమ్ వాడు. వాడికి నాలుగో అంతస్తు ఓ లెక్కా? సరే, సరే, వెళ్తున్నా. ఒరేయ్, నా ముఖం చూడక్కర్లేదు. మీ అక్క ముఖం ఒక్కసారి తలుచుకో."

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి సార్... వెళ్ళారు. ఇప్పుడు చెప్పండి, మీ అంతట మీరే వచ్చారా, ఆయన లాక్కొస్తే వచ్చారా?"

"రెండూ."

"సరే. భయం వచ్చినప్పుడు మీకు ముందు ఏమవుతుంది?"

"చెమటలు. గుండె దడ. అందరికీ అయినట్టే."

"అందరి సంగతి వదిలేయండి. మీకు."

"చెమటలే. చేతులకి."

"సూదంటే భయమా? రక్తమంటేనా? మత్తు ఇస్తే మళ్ళీ లేవనేమో అనా?"

"అన్నీ."

"ఈ కాగితంలో మీకు రక్తం పదకొండుసార్లు తీశారని ఉంది. స్కానింగులు ఆరు. ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాలేదని రాశారు. ఒకసారి నర్సుకి నరం దొరక్కపోతే రెండో చెయ్యి మీరే చాపారట."

"అది... పరీక్షలు వేరు. ఆపరేషన్ వేరు."

"అవును, వేరే. కుర్చీ వాలుస్తాను. బాగుందా? కళ్ళు మూసుకుంటే సులువు, మూసుకోకపోయినా పరవాలేదు. ఆపాలనిపిస్తే చెయ్యి ఎత్తండి, చాలు. మీకు మనసు నెమ్మదిగా ఉండే చోటు ఒకటి చెప్పండి."

"లిఫ్టు మీద."

"లిఫ్టులోనా?"

"లోపల కాదు. ఆ డబ్బా నెత్తిమీద. మెయిన్ స్విచ్చి ఆపేసి పైన కూర్చుంటాం, పని చేయడానికి. చుట్టూ గోడ, పైన తాళ్ళు. ఒక్కో అంతస్తు నుంచీ మాటలు వినపడతాయి, మనుషులు కనపడరు. ఎవరో పిల్లాడికి ఎక్కాలు చెబుతుంటారు. ఎవరో కుక్కర్ మూత పెడుతుంటారు. మనం అక్కడున్నామని ఎవరికీ తెలీదు."

"అక్కడే కూర్చోండి. వాసన ఏమొస్తోంది?"

"గ్రీజు. కొంచెం ఇనుము. తడిసిన సిమెంటు."

"ఊపిరి నెమ్మదిగా తీసుకోండి. వదిలేటప్పుడు తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలండి. అలాగే. భుజాలు కిందకి జారనివ్వండి. దవడ కూడా. ఇప్పుడు లిఫ్టు మెల్లగా దిగుతోంది. పదహారు... పదిహేను... తొందర లేదు. ఒక్కో అంతస్తు దాటినకొద్దీ ఒళ్ళు ఇంకాస్త బరువు. ఎక్కడున్నారు?"

"తొమ్మిది."

"దిగనివ్వండి. కిందకి చేరాక తలుపు తెరుచుకుంటుంది. బయట హాస్పిటల్ వరండా. గురువారం పొద్దున్న."

"ఊఁ."

"ఏం కనపడుతోంది?"

"ఆకుపచ్చ గోడ. చక్రాల మంచం. ఒక చక్రం కీచుమంటోంది. గ్రీజు పెట్టాలి."

"మంచం మీద పడుకున్నారు. తోసుకెళ్తున్నారు. భయం పదికి ఎంత?"

"సున్నా."

"గొంతు ఎండుతోందా?"

"లేదు."

"చేతులకి చెమట?"

"లేదు."

"తలుపు దగ్గరికొచ్చారు. రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. లోపల లైట్లు వెలుగుతున్నాయి. మంచం కదులుతోంది—"

"వెళ్ళను."

"భయమేసిందా?"

"కాదు. వెళ్ళను, అంతే. వెళ్ళకూడదు. కళ్ళు తెరుస్తాను. తెరవొచ్చా?"

"తెరవండి. తెరిచి మెల్లగా లేవండి. ఇవిగో నీళ్ళు."

"అయిపోయిందా? నేను నిజంగా ఆ స్థితిలోకి వెళ్ళానా? నాకన్నీ వినపడ్డాయే. బయట బావ దగ్గు కూడా."

"వెళ్ళారు. ఇలాగే ఉంటుందని ముందే చెప్పాను కదా. ఇప్పుడు నన్ను సూటిగా మాట్లాడనివ్వండి. మీకు ఆపరేషన్ అంటే భయం లేదు."

"ఉంది."

"భయం ఉన్నవాళ్ళు ఆ తలుపు తలుచుకుంటేనే కుర్చీ చేతులు పట్టుకుంటారు. మీరు మంచం చక్రానికి గ్రీజు పెట్టాలంటున్నారు. ఇవ్వడం ఇష్టం లేకపోతే చెప్పండి, అదేం నేరం కాదు. మీ ఒళ్ళు మీది. ఎవరూ మిమ్మల్ని లాక్కెళ్ళకుండా హాస్పిటల్ వాళ్ళకి నేనే చెబుతాను. మీరు ఒప్పుకుంటేనే చెబుతాను."

"ఇష్టం లేకపోవడమా? మేడమ్, ఇప్పుడే, ఈ కుర్చీలోనే కోసి తీసుకెళ్ళండి. మత్తు కూడా వద్దు. ఆవిడ ఎవరనుకుంటున్నారు? నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పట్నించి నాకు తల దువ్వింది అక్క. బడికి పంపింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది. నేను పదోక్లాసు తప్పితే, నేను ఏడవకుండా నాకు బదులు ఆవిడే ఏడ్చింది. ఇష్టం లేకపోవడమా!"

"మరి ఎందుకు పారిపోతున్నారు?"

"బయట బావ ఉన్నాడు."

"నేను మీ బావగారికి చెప్పను."

"ప్రమాణంగా?"

"మీరు చెప్పమంటే తప్ప చెప్పను."

"అక్క పొమ్మంది."

"ఏమంది?"

"పారిపొమ్మంది. మొదటి తారీఖుకి ముందురోజు, మిషను మీద పడుకుని ఉంది. బావ కిందకి మందులకెళ్ళాడు. 'చిన్నోడా, నీది నాకొద్దురా' అంది. నేను ఎగతాళి అనుకున్నాను. 'నీకు భయమని చెప్పి వెళ్ళిపో. నా తల మీద చెయ్యి పెట్టి మాటివ్వు' అంది. పెట్టాను మేడమ్. తల మీద జుట్టు ఎక్కడుంది అసలు? సగం ఊడిపోయింది. ఆ తల మీద చెయ్యి పెట్టి కాదనలేకపోయాను."

"ఎందుకు వద్దంది?"

"అమ్మ వల్ల. అమ్మకి కడుపులో గడ్డ. చిన్న ఆపరేషనే, గంటలో అయిపోతుందన్నారు. అమ్మ భయపడింది. అక్కకి పందొమ్మిదేళ్ళు. 'ఏం కాదమ్మా, నేనున్నాగా' అని నచ్చజెప్పి, మంచం పట్టుకుని తలుపు దాకా తనే తోసుకెళ్ళింది. అమ్మ మళ్ళీ బయటికి రాలేదు. ఇరవై ఏడేళ్ళయింది. 'నా కోసం ఇంకొకళ్ళని ఆ తలుపులోకి పంపను' అంటుంది. అదొక్కటే మాట. పాడిందే పాడుతుంది."

"వద్దనుకుంటే డాక్టర్లకి ఆవిడే చెప్పొచ్చు కదా? ఆవిడ ఒప్పుకోకుండా ఎవరూ ఆపరేషన్ చేయరు."

"మా మేనకోడలు ఉంది కదా మేడమ్. 'నేను వద్దన్నానని తెలిస్తే, అమ్మకి నేను అక్కర్లేదు కాబోలు, వదిలేసి పోదామనుకుందని అది జీవితాంతం ఏడుస్తుంది. నువ్వు భయపడ్డావంటే నిన్ను తిట్టుకుంటుంది. తిట్టుకోనీరా, నువ్వు తట్టుకుంటావు' అంది. తట్టుకుంటున్నాను. బావ తిడితే నాకేం అనిపించదు. అది తలుపేసుకుంటే మాత్రం... మొన్న నా ముఖం మీదే వేసింది. వేలు నలిగింది. చూడండి."

"ఇది మీరు ఇంకెవరికైనా చెప్పారా?"

"మీకే. మేడమ్, నేను ఇక్కడికి ఎందుకొచ్చానో తెలుసా? బావ లాగినందుకు కాదు. ఆ మాట నాకు గుర్తు లేకుండా చెయ్యండి. ఏదో చెప్పి, లెక్కపెట్టించి, ఆ ఒక్క సాయంత్రం తీసేయండి. గుర్తు లేకపోతే మాట తప్పినట్టు కాదు కదా? గురువారం నేను మామూలుగా వెళ్ళి పడుకుంటాను. ఆవిడ అడిగితే, ఏ మాటక్కా, అంటాను. నిజంగానే తెలీదు కదా నాకు!"

"అలా తీసేయడం కుదరదండీ. ఎవరైనా తీస్తామంటే నమ్మకండి."

"ప్రయత్నం చెయ్యండి. ఒక్కసారి. మీరు పెద్ద చదువు చదువుకున్నారు."

"చదువుకున్నాను కాబట్టే చెబుతున్నాను. జ్ఞాపకాలు చెరిపే విద్య ఇది కాదు. లేనివి ఉన్నట్టు అనిపించే ప్రమాదం కూడా ఉంది. అందుకే జ్ఞాపకాల జోలికి నేను అసలు పోను."

"అయితే నేనేం చెయ్యను? చెప్పండి, నేనేం చెయ్యను? ఇస్తే అక్క మాట తప్పినవాణ్ణి. ఇవ్వకపోతే అక్క పోతుంది. నాకు మూడు రోజులే ఉన్నాయి మేడమ్. రాత్రీ పగలూ అదే తిరుగుతోంది బుర్రలో. నిన్న నాలుగో అంతస్తులో ఆపాల్సిన లిఫ్టు ఏడు దాకా పోనిచ్చాను."

"ఆవిడ చెప్పాల్సిన 'వద్దు' మీరు చెబుతున్నారు. అది మీ చేత చెప్పించకుండా ఆవిడే చెప్పాలి, లేదంటే మానుకోవాలి. 'అక్కా, ఇది మోయలేను' అని ఎప్పుడైనా అన్నారా?"

"లేదు. అక్కతో ఎదురు మాట్లాడటం నాకు రాదు."

"దానికి నేను సాయం చేయగలను. కావాలంటే ఆవిణ్ణి కూడా—"

"మేడమ్! మేడమ్, తలుపు తియ్యండి! వాణ్ణి లేపండి!"

"తెరిచే ఉంది సార్, రండి. ఏమైంది?"

"మా ఆవిడ ఫోను. ఒకటే ఏడుపు. వాడు నిద్రలో ఉన్నాడే అంటే, వెంటనే లేపండి లేపండి అంటోంది. ఇదిగో, స్పీకర్లో పెట్టాను. మాట్లాడు."

"చిన్నోడా! లేచావా నాన్నా?"

"నేను నిద్రపోలేదక్కా. ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"ఎంతవరకు చెప్పావు?"

"అక్కా, స్పీకర్లో ఉన్నావు."

"ఉండనీ. ఆ కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే ఎవరూ ఆపుకోలేరటగా, పక్కింటావిడ చెప్పింది. నీ తప్పేం లేదురా. నిన్ను అక్కడికి తీసుకెళ్తున్నారని మధ్యాహ్నమే తెలిసింది నాకు. ఇంక అంతా బయటపడిపోయింది, మీ బావ ఇంటికొచ్చి పిల్ల ముందే నన్ను నిలదీస్తాడు, అదేదో నా నోటితోనే చెబుదామని... బడి నుంచి రాగానే కూర్చోబెట్టి చెప్పేశాను."

"ఏం చెప్పావు?"

"నిన్ను పారిపొమ్మన్నది నేనేనని."

"ఏంటి? ఏమంటున్నావు నువ్వు?"

"మీరూ విన్నారుగా. తిట్టండి, మీకు హక్కుంది. వాణ్ణి మాత్రం ఏమనకండి. తల మీద చెయ్యి పెట్టించుకున్నాను. వాడు చెప్పే ఉంటాడుగా మీకంతా."

"వాడు నాకేం చెప్పలేదే! ఒరేయ్, ఏంట్రా ఇది? పారిపొమ్మనడమేంటి?"

"చిన్నోడా... చెప్పలేదా?"

"బావకి చెప్పలేదక్కా. మేడమ్‌కి చెప్పాను. అదీ మెలకువలోనే. ఆపుకోలేక కాదు. చెప్పాలనిపించి చెప్పాను."

"అయ్యో."

"అక్కా, నేను ఇంక మోయలేను. వింటున్నావా? నువ్వేమనుకున్నా సరే. నేను మోయలేను."

"రెండు నెలలు వీణ్ణి కుక్కని తిట్టినట్టు తిట్టాను. గౌను ఎగరేసుకుంటూ పరిగెత్తాడని బజారంతా చెప్పి నవ్వాను. ఒక్క మాట... ఒక్క మాట అనలేకపోయావురా నాతో? ఇద్దరూ కలిసి నన్ను ఏం చేద్దామనుకున్నారు?"

"సార్, కూర్చోండి. ఫోన్లో ఎవరో మాట్లాడుతున్నారు."

"నాన్నా, నేను. అమ్మ ఫోను నాకిచ్చేసింది, ఏడుస్తోంది. మామయ్య ఉన్నాడా?"

"ఉన్నానమ్మా."

"మామయ్యా, మనం కలిసి దిగిన ఫొటో చింపేశాను."

"పరవాలేదులే. అందులో నేను బాగా పడలేదు."

"వేలు తగ్గిందా?"

"తగ్గింది."

"నేను అమ్మతో గట్టిగా దెబ్బలాడాను. నువ్వు పోతే నేను ఎవరితో ఉంటాననుకున్నావని అడిగాను. వాడికేమన్నా అయితే నేను బతకనే అంది. అదేం జరగదు, మామయ్య పదహారు అంతస్తులు ఎక్కుతాడు, మామయ్యకేం కాదు, నువ్వు ఆపరేషన్‌కి వెళ్తావా వెళ్ళవా అన్నాను. వెళ్తానంది. ఇప్పుడే, నువ్వు మోయలేనన్నాక. నన్ను పట్టుకుని వెళ్తానంది మామయ్యా."

"నిజంగా అందా?"

"అవును. గురువారం ఏడింటికి. నీ మాట నీకు తిరిగిచ్చేసినట్టేనట, అలా చెప్పమంది. నువ్వు వస్తావా?"

"వస్తాను."

"లోపలికి కూడా?"

"లోపలికి కూడా. మీ అమ్మని కాస్త పడుకోబెట్టు. మెడ దగ్గర గొట్టానికి దిండు తగలకుండా చూడు. పెట్టేస్తున్నా."

"పెట్టేసిందా? ఒరేయ్... నన్ను చూడరా. నా వైపు చూడు. నేనేం అననులే ఇంక. ఏంట్రా, ఆ చేతులేంటి అలా? నీళ్ళు ఒలుకుతున్నాయి, ఆ గ్లాసు ఇలా ఇవ్వు. మేడమ్, చూడండి వీడి చేతులు, చెమటలు కారిపోతున్నాయి. ఏమైంది వీడికి?"

"బావా, ఉండు, నన్ను కూర్చోనీ. మేడమ్, మీరెక్కడికీ వెళ్ళకండి. ఆ కుర్చీ మళ్ళీ వాల్చండి. నిజంగా లోపలికి వెళ్ళాలి కదా ఇప్పుడు... నాకు భయమేస్తోంది."